చిన్న డబ్బా, ఒకే మాట

12 ఆగస్టు 2013, సోమవారం

వాకిలి, పాలు. ఆయనకు పళ్లు తోమడం, స్నానం. కుడి చేతికి కసరత్తు రెండుసార్లు, ఇరవై చొప్పున. బట్టలు రెండు బకెట్లు. అన్నం మెత్తగా, పెసరపప్పు. మాత్రలు పొద్దున మూడు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి నాలుగు. దుప్పటి మార్చడం రెండుసార్లు. "గదే" - ఇరవై ఏడు.

ఈ చివరి లెక్క ఇవాళే మొదలుపెట్టాను. పక్షవాతం వచ్చి రెండున్నర నెలలు. ఆయన నోట్లో ఆ ఒక్క మాటే మిగిలింది. నీళ్లు కావాలన్నా గదే. వద్దన్నా గదే. డాక్టరు అంటాడు - మనం అనేది ఆయనకు తెలుస్తదమ్మా, ఆయన అనేది బయటికి రాదు.

ఇరవై ఏడింటిలో నాకు అర్థమైనవి పదకొండు.

14 ఆగస్టు

బీబీపేట నుంచి లచ్చవ్వ వచ్చింది. మే నెలలో ఆమె బిడ్డ పెళ్లి. వీడియో ఈయనే తీశారు. ఆ తర్వాత పన్నెండో రోజు ఈయన పడిపోయారు. జూలైలో లచ్చవ్వ భర్త పోయాడు. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"పెండ్లి సీడీ ఎట్లనన్న జేసి ఇయ్యి చెల్లె. మా ఇంట్ల ఆయన ఫోటోలున్నయి. గొంతు లేదు. అండ్లనే ఉన్నది."

మంచం మీద నుంచి ఈయన - గదే… గదే… ఎడమ చెయ్యి బీరువా పైకి చూపిస్తోంది. అక్కడ ఆ అట్టపెట్టెలు.

వచ్చే నెల పన్నెండున మాసికమట. బిడ్డ, అల్లుడు వస్తారట. ఆ రోజుకు ఇస్తానని మాట ఇచ్చేశాను. ఎందుకు ఇచ్చానో తెలియదు.

15 ఆగస్టు

పెట్టెల సంగతి రాసి పెట్టుకోవాలి. పెళ్లి తీసింది కొత్త కెమెరాతో. ఎల్లారెడ్డి స్టూడియోలో ఉన్న పాత సిస్టంలో ఆ బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది, మాట ముక్కలవుతుంది. కోసి అతికి పాటలు కలిపే మిక్సింగ్ కాదు కదా, చూడటమే కాదు. అందుకే ఆ కెమెరా కొన్నప్పటి నుంచీ ఈయన సికింద్రాబాద్ పోయినప్పుడల్లా కొత్త కంప్యూటర్‌కు ఒక్కో సామాను తెచ్చారు. ఇల్లు కామారెడ్డిలో, దుకాణం ఎల్లారెడ్డిలో.

"బస్సుల ఒడిల పెట్టుకొని పోయేటంత ఉండాలె. పని మాత్రం పెద్దదాన్ని మించి చెయ్యాలె."

నా టిఫిన్ డబ్బాకు పోటీ తెస్తున్నారా అన్నాను అప్పుడు. నవ్వారు. తొమ్మిదో సామాను వచ్చిన వారానికి పడిపోయారు.

17 ఆగస్టు

నర్సింలు వచ్చాడు. పద్నాలుగేళ్లుగా ఈయన పక్కన లైటు పట్టుకొని, తర్వాత కెమెరా పట్టుకొని తిరిగినవాడు. మెల్లగా అన్నాడు - వదినా, వేరే స్టూడియోల ఇద్దాం, ఒక్క పూట పని.

మెల్లగా అన్నా ఈయనకు వినబడింది. పెళ్లి ఉన్న హార్డ్ డిస్క్ తలగడ కింద ఉంది. దాని మీద తల అదిమి గోడవైపు తిరిగారు.

"కోపం జెయ్యకే అన్నా. నువ్వు తీసిన పెండ్లి, నువ్వే చెయ్యి."



20 ఆగస్టు

పెట్టెలు సంచిలో వేసుకొని బస్టాండు వెనక కంప్యూటర్ మెకానిక్ దగ్గరికి. సామానంతా బిగించాల్సిన చిన్న డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. "ఇది పిట్టగూడు లెక్కున్నదక్కా. నా చెయ్యే పట్టదు. పెద్ద కేబినెట్ తీస్కపో, గంటల బిగిస్త."

పెద్దది ఖాళీది తెచ్చి మంచం పక్కన పెట్టాను. ఆయన చూశారు. ఎడమ కాలితో ఒక్క తన్ను. గదే!

ఇది అర్థమైన లెక్కలో వేశాను.

తిరిగి ఇచ్చేస్తూ తన్నిన సంగతి చెప్తే మెకానిక్ - "అన్న కాలు మంచిగనే పని చేస్తున్నదిగా!" దుకాణంలో అందరం నవ్వాం. ఇంటికి వచ్చే దారిలో ఏడుపు వచ్చింది, కూరగాయల బండి దగ్గర ఆగి బెండకాయలు ఏరుతూ నిలబడ్డాను.

21 ఆగస్టు

కుడి చెయ్యి కదలలేదు. గదే - పంతొమ్మిది. అర్థమైనవి ఐదు.

23 ఆగస్టు, శుక్రవారం

మెకానిక్ చెయ్యి పట్టదు. నా చెయ్యి చిన్నది.

పెట్టెలు కిందికి దించాను. అడుగున ఒక పెళ్లిపత్రిక వెనక ఆయన గీసిన బొమ్మ - ఏది ఎక్కడ, ఏ తీగ ఎటు, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. ఆయన కుడి చేతి రాత.

గాజులతో చెయ్యి డబ్బాలోకి పోవడం లేదు. తీయబోతే ఆయన - గదే గదే గదే, మంచం పట్టె మీద కొడుతూ. ఎందుకో నాకు తెలుసు. ముందు రెండు మణికట్లకూ పసుపు దారం కట్టుకుని ఆయనకు చూపించాను. అప్పుడు ఊరుకున్నారు. గాజులు గూట్లో. ఆరు, ఆరు - పన్నెండు.

24 ఆగస్టు

ఒకటి: బోర్డు. నా అరచెయ్యి రెండింతలు, అంతే. రెండు: ప్రాసెసర్. మూలన చిన్న బంగారు త్రిభుజం, బోర్డు మీదా అలాంటి గుర్తే, రెండూ ఒకవైపు ఉండాలని ఆయన బొమ్మలో బాణం. సన్నటి కడ్డీ అదిమితే కరకరమంది. విరిగిందనుకున్నాను. ఆయన వైపు చూశాను. గదే - పొట్టిగా. విరగలేదు.

మూడు: ర్యాము. నాలుగు: ప్రాసెసర్ మీద కూర్చునే ఫ్యాను. అడుగున బూడిదరంగు జిడ్డు అంటుకుని ఉంది. మూడు నెలలు బీరువా మీద ఉన్న సామాను. ఆయన వీపు పుండ్లకు వాడే స్పిరిట్‌తో, పాత పంచె గుడ్డతో శుభ్రంగా తుడిచాను. లోపల రాగి తళతళలాడింది.

ఆయన - గదే! గదే! గదే!

ఇంత గట్టిగా ఈ మధ్య ఎప్పుడూ అనలేదు. నచ్చినట్టుంది. నేనూ నవ్వాను. ఆయన కళ్లలో నీళ్లు.

26 ఆగస్టు

ఎల్లారెడ్డి పోయి స్టూడియో నుంచి మానిటర్ తెచ్చాను. షట్టర్ ఎత్తడానికి పక్క కిరాణా ఆయన సాయం. లోపల ఫోటోల వెనక వేలాడదీసే గుడ్డ మీద దుమ్ము, స్టూలు మీద దుమ్ము. నేలంతా తుడిచి, మళ్లీ తాళం వేశాను. ఎవరి కోసం తుడిచానో.

బస్సులో మానిటర్ నా ఒడిలో. కండక్టరు - "టీవీకి గూడ సగం టికెట్ తియ్యాలె అమ్మా." డబ్బా ఇట్లా ఒడిలో పెట్టుకొని పోవాలనే కదా ఆయన…

27 ఆగస్టు

తొమ్మిదీ అయ్యాయి. తీగలు దూర్చడానికే రెండు పూటలు పట్టింది. గ్రాఫిక్స్ కార్డుకూ డబ్బా గోడకూ మధ్య ఒక పోచంత సందు - ఆయన కొలత. మూత పట్టింది.

స్విచ్ 10.40. ఫ్యాను తిరిగింది, తెర మీద అక్షరాలు. ఆయన ఎడమ చేత్తో నా భుజం పట్టుకున్నారు.

10.51 - చీకటి. కరెంటు పోయిందనుకున్నాను. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇదే పోయింది.

మళ్లీ 11.15 - 11.24.
మళ్లీ 12.05 - 12.13.

28 ఆగస్టు

అన్నీ విప్పి మళ్లీ బిగించాను. పదకొండు నిమిషాలు నడిచి ఆగింది.

29 ఆగస్టు

తొమ్మిది.

30 ఆగస్టు

నర్సింలుకు ఫోన్. "నాకు ఫోటోలు తెలుసు వదినా, లోపలి సంగతి అన్నకే తెలుసు."

అన్నకే తెలుసు. చేతికందే దూరంలో పడుకుని ఉన్నారు, అన్నీ తెలిసి. పొద్దుటి నుంచి గదే గదే అంటూనే ఉన్నారు. నేను ప్రతి తీగా చూపించాను - ఇదా? ఇదా? ప్రతిదానికీ గదే. చివరికి నేనే గట్టిగా అరిచాను.

ఆయన కళ్లు మూసుకున్నారు. సాయంత్రం అన్నం ముట్టలేదు.

31 ఆగస్టు

గదే - సున్న.

1 సెప్టెంబర్

లచ్చవ్వ ఫోన్. "తొందరేం లేదు చెల్లె… బిడ్డ అడుగుతున్నది, అంతే." అయిపోతుంది అక్కా అన్నాను. ఇది అబద్ధం, ఇక్కడ రాస్తున్నాను.

2 సెప్టెంబర్, సోమవారం

మధ్యాహ్నం పెరుగన్నం. ఆయన ఎడమ వేలు పెరుగులో ముంచి, స్టీలు గ్లాసు బోర్లించి, దాని అడుగున పూస్తున్నారు. సమంగా, అంచుదాకా. పూసి గ్లాసును అరచేతికి అదుముకున్నారు. గదే. మళ్లీ పూశారు. గదే.

మాట పోయింది, ఇప్పుడు మతీ పోయిందా అనుకున్నాను. తినండి, అట్లా పారబోయొద్దు అన్నాను. గ్లాసు లాక్కుని కొంగుతో అడుగు తుడిచాను.

గదే! గదే! గదే!

తుడుస్తూ ఆగిపోయాను. ఇదే అరుపు. ఇవే మూడు. ఆ రోజు నా చేతిలో ఫ్యాను, పంచె గుడ్డ.

3 సెప్టెంబర్

మెకానిక్ నెత్తి పట్టుకున్నాడు. "మందు తుడిసేసినవా అక్కా! సబ్బు పెట్టి గిట్ల కడగలే గదా?"

అది జిడ్డు కాదు, మందు. ప్రాసెసర్ వేడిని ఫ్యానుకు అందించేది అదే. అది లేక లోపల కాలి, తనంతట తాను ఆగిపోతోంది. సూది లేని చిన్న సిరంజిలో ఇచ్చాడు. "వడ్లగింజంత పెట్టు. మళ్ల శుభ్రం జెయ్యకు."

4 సెప్టెంబర్

వడ్లగింజంత. స్విచ్ 9.30. ఇద్దరం తెర చూడలేదు, గోడ గడియారం చూశాం. 9.41. 9.42. 10.30. మధ్యాహ్నం రెండు గంటలకు నేనే ఆపాను. డబ్బా మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా, అంతే.

గడులు గీశాను. పొట్టి గదే - అవును. సాగదీస్తే - వద్దు. గొణిగితే - నొప్పి. మూడు వరుసగా - ఆపు. గాజులప్పుడూ మూడే. ఆ రోజు మంచం పట్టె కొట్టారు కాబట్టి తెలిసింది. ఫ్యాను దగ్గర నాకు మెరుపే కనిపించింది.

5 సెప్టెంబర్

నర్సింలు వచ్చి విండోస్, మిక్సింగ్ ప్రోగ్రాం ఎక్కించాడు. "ఇంతదాంట్ల ఇంత జోరా! అన్నా, నువ్వు మామూలోనివి గాదే." పొట్టి గదే.

డాక్టరు దగ్గరికి కూడా. మాట మళ్లీ వస్తుందా అని అడిగాను. ఆయన ముందే. డాక్టరు మందుల చీటీ రాసి ఇచ్చాడు. మాత్రలు అవే.

7 సెప్టెంబర్

హార్డ్ డిస్క్ ఇచ్చారు, తలగడ కింద నుంచి తనే తీసి. బొమ్మ ఆగడం లేదు. మౌస్ నా చేతిలో, ఆయన వేళ్లు నా మణికట్టు మీద. తడితే అక్కడ కోయాలి. ఇవాళ పసుపు, మంగళస్నానం అయ్యాయి.

9 సెప్టెంబర్, వినాయక చవితి

ఉండ్రాళ్లు, పూజ పది నిమిషాల్లో. గల్లీ మైకు మోగేలోపు పని అవ్వాలని తలుపులు మూసి కూర్చున్నాం.

అప్పగింతల ముందు లచ్చవ్వ భర్త పందిరి గుంజకు ఆనుకుని ఉన్నాడు. "నన్నెందుకు తీస్తవు పటేలా, బిడ్డను తియ్యి." వెంటనే కెమెరా వెనక నుంచి -

"నువ్వు గూడ జర నవ్వు బాపూ. నవ్వితె పండ్లు ఊడయి."

"ఉన్నయే నాలుగు!"

ఇద్దరి నవ్వు.

మౌస్ వదిలేశాను. ఆ గొంతు… కొంచెం బొంగురు, "జర" దగ్గర సాగే తీరు. మూడు నెలల పది రోజులు.

ఎప్పుడూ మిక్సింగ్‌లో తన గొంతు ఉంచరు. కోసేసి పాట వేస్తారు, ఇంటివాళ్ల పెండ్లిల నేనెందుకు అని. ఇప్పుడూ నా మణికట్టు మీద తట్టారు. కోయమని. రెండోసారి తట్టారు.

అర్థమైంది. అర్థం కానట్టు కూర్చున్నాను.

ఆయన మాట తీసేస్తే లచ్చవ్వ భర్త జవాబు దేనికి? ఆ నవ్వు దేనికి? లచ్చవ్వ కోసమే అని రాసుకోవచ్చు. పూర్తిగా నిజం కాదు. కోయలేదు. ముందుకు జరిపాను.

ఆయన చెయ్యి తీసేసుకున్నారు.

11 సెప్టెంబర్

సీడీ అయింది. రెండు. గాజులు వేసుకున్నాను - పదకొండే. ఒకటి చిట్లింది.

12 సెప్టెంబర్ 2013, గురువారం

వాకిలి, పాలు, స్నానం, కసరత్తు రెండుసార్లు, ఇరవై చొప్పున. బట్టలు ఒక బకెట్. పొద్దున ఎనిమిదికే లచ్చవ్వ. ఇక్కడే ఒకసారి చూస్తానంది. మంచం పక్క స్టూలు మీద డబ్బా, ఆమె కింద కూర్చుంది.

"ఉన్నయే నాలుగు" దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో, ఏడుపో. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను. మూడోసారికి ఆయన వైపు తిరిగి అంది - "నీది గూడ ఎంత మంచి గొంతు తమ్మీ."

ఆయన - గదే.

పొట్టి కాదు. సాగలేదు. గొణుగుడు కాదు. ఒక్కటే. చూపు తెర మీద. మణికట్టు ఇచ్చాను, తట్టలేదు. కోపమా? అడిగాను. కళ్లు నా మీదికి రాలేదు. డబ్బా చిన్నగా గాలి వదులుతూనే ఉంది.

గదే - ఇరవై రెండు. అర్థమైనవి ఇరవై ఒకటి. ఒక గడి ఖాళీగా వదిలాను.

బీబీపేట లచ్చవ్వ, బిడ్డ పెళ్లి సీడీ - చెల్లు.