మీ బావకి జింకు ఎక్కువైంది

తమ్ముడూ,

మీ బావ నా ఫోను కూడా ఎక్కడో పెట్టి మర్చిపోయారు, అందుకే ఈ ఉత్తరం.

మతిమరుపుకి జింకు తక్కువ కావడమే కారణమని డాక్టరు రోజుకో బిళ్ళ రాశారు. ఈయన మిరపచేనుకి మందు కొట్టినట్టు గుప్పెళ్ళతో మింగారు. "జింకు ఎక్కువై ఒంట్లో రాగి పడిపోయింది. మెదడు కణాలకి రెండూ సమంగా ఉండాలి, బిళ్ళలు ఆపెయ్" అని డాక్టరు కేకలేశారు.

"రాగే గదా! తెగుళ్ళకి కొట్టే మైలుతుత్తంలో ఉండేదీ రాగే, నీళ్లల్లో కలుపుకుంటే సరిపోద్ది" అని ఇప్పుడు పేటలో నీ ఎరువుల కొట్టుకి బయలుదేరారు. అది విషమయ్యా అంటే, "చేనుకి పనికొచ్చింది నాకు పనికిరాదా ఏంది?" అంటున్నారు. ఎంత అరిచినా ఇవ్వకు, మజ్జిగ తాగించి పంపు.

ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. కంగారేం లేదు, ఇది ఇవ్వడం మర్చిపోతే మైలుతుత్తం అడగడమూ మర్చిపోతారు.

మీ అక్క