శ్రీను యూట్

శ్రీనూ,

ఒక శనివారం పొద్దున నువ్వు ఇంటి ముందు యూట్ కడుగుతున్నావు. న్యూజిలాండ్‌లో పికప్ ట్రక్కుని అలాగే అంటారని నువ్వే చెప్పావు. నేను పూజ ముగించుకుని కాఫీ తెచ్చాను.

"కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి ఈ పికప్ ట్రక్కెందుకురా?"

"అమెరికాలో కూడా ఇవి కొనేవాళ్ళలో చాలామందికి మోసే బరువే ఉండదక్కా. అవసరమొస్తే మోయగలమన్న ధీమా కోసం కొంటారు."

"మరి నువ్వు?"

"నాకు ఎత్తులో కూర్చోవడం ఇష్టం, అంతే."

కానీ మన ఊళ్ళో, ఈ లోవర్ హట్‌లో, మన తెలుగువాళ్ళు ఫ్లాట్ మారినా, మంచం కొన్నా నిన్నే పిలిచేవారు. ఏటా వినాయకుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని నిమజ్జనానికి తీసుకెళ్ళేవాడివి. పోయిన చవితికి మనింట్లో ఏటిసూతకం. స్వామిని ఎవరి కారు డిక్కీలోనో పడుకోబెట్టి తీసుకెళ్ళారట.

ఈరోజు నీ సంవత్సరీకం అయింది. దేవుడి ముందు కూర్చున్నాను గానీ ఏమీ అడగాలనిపించలేదు. భోజనాలయ్యాక నీ కొడుకు కిరణ్ అన్నాడు: "యూట్ సెల్ చేసేద్దాం అమ్మా. ఎవరూ డ్రైవ్ చేయట్లేదుగా."

నీ పద్మ లేచి గోడకున్న యూట్ తాళాలు తీసుకుంది.

"చవితి వెళ్ళనీ. ఈసారి స్వామిని నేను తీసుకెళ్తా."

"నువ్వా? అది మాన్యువల్ అమ్మా, గేర్లు నువ్వే మార్చుకోవాలి."

"నేర్చుకుంటా. వదినా, మీరు పక్కన కూర్చోండి, చాలు."

సాయంత్రానికి అదే ఖాయమైంది. నిమజ్జనం అయ్యాక అమ్మేస్తాం. అప్పటిదాకా రోజూ పొద్దున్నే పద్మ నడుపుతుంది, నేను పక్కన కూర్చుంటాను.

అక్క