తడిసిన విజిల్

డాలీగంజ్

నెహెమ్యా మామయ్యకు వందనాలు.

మీ కాలు ఎలా ఉందని అడగడానికి కూడా నాకు ముఖం చెల్లడం లేదు.

సునామీ తరువాత, ప్రమాదం వస్తే ఊదడానికని మన దీవిలో బాంబూఫ్లాట్ చర్చివాళ్లు కొన్న విజిళ్లను పరీక్షించింది నేనే. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం నాది కదా! "ఏ వస్తువునైనా వాడే పరిస్థితిలోనే పరీక్షించాలి" అని ఆ రోజు యువజనులకు పాఠం కూడా చెప్పాను. చెప్పి, ఫ్యాను కింద కూర్చుని ఒక్కొక్కటీ ఊది, అన్నీ బాగున్నాయని రాసిచ్చాను. ఒక్కదాన్నీ తడిపి చూడలేదు.

పోయిన బుధవారం సముద్రం పొంగుతుందని హెచ్చరిక వచ్చినప్పుడు, మీరు వానలో పడవల జెట్టీ దగ్గర విజిల్ ఊదారు. అది పలకలేదు. ఒడ్డున ఆడుకునే పిల్లల కోసం పరుగెత్తి, మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నారు. పిల్లలు క్షేమం, అల కూడా రాలేదు. కానీ చర్చి బయట ఎవరో, "నెహెమ్యా భయ్యా డర్ గయా, భయపడిపోయి విజిల్ కూడా ఊదలేదు" అన్నారు. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు.

నిన్న సారా అత్తయ్యనడిగి మీ విజిల్ తెచ్చి, బకెట్‌లో ముంచి ఊదాను. గాలి తప్ప శబ్దం లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక లేచి అందరికీ చెబుతాను. కుర్చీలో మోసుకొచ్చైనా మిమ్మల్ని తీసుకురమ్మని అత్తయ్యతో అన్నాను. మీరు లేనప్పుడు చెబితే అది నాకు మరీ సులువైపోతుంది, మామయ్యా.

మీ మేనకోడలు