నాన్నకి ఎదురుగా నేర్చిన పని

అమ్మా, నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, బెంగపడకు. మొన్న కాలువ తవ్వుతుంటే మేస్త్రీ, "సంతకం కుడిచేత్తో పెట్టావు, పార ఎడమచేతివాటంగా పడతావేమయ్యా?" అని నవ్వాడు. అప్పుడు తట్టింది. చిన్నప్పుడు నాన్నకి ఎదురుగా నిలబడి చూసి నేర్చుకున్నాను కదా, అద్దంలో బొమ్మలా తిరగబడింది! డెబ్బై దాటినా ఊరందరి పొలాలకీ గట్లు వేసిన మనిషి, చూస్తూ కూడా ఒక్కనాడూ తప్పనలేదు. పోయేలోపు నీతోనైనా అన్నాడా? చెల్లి దగ్గు తగ్గిందా? వానలు రాకముందే వెనక గోడ పూయించు. నాన్న పారకి నూనె రాయి, ఎవరడిగినా ఇవ్వకు. అత్తకీ మామయ్యకీ దండాలు చెప్పు. మేస్త్రీ చేతులు మార్చుకోమంటున్నాడు. నేను మార్చుకోను. ఇలా తవ్వుతుంటే నాన్న ఎదురుగా ఉన్నట్టే ఉంటుంది.

నీ చిన్నాడు