వాల్టర్ చేతిలో ఓడిపోవలసిన వారం

నేస్, ఐర్లండ్,
20 జూన్ 2010, ఆదివారం.

గిరిజక్కకు విమల నమస్కరించి రాసేది.

ఇక్కడ మేం ముగ్గురం ఒంటికి క్షేమమే. మనసుల సంగతి కిందికి చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. అక్కడ నువ్వూ, బావగారూ, పిల్లలూ విశాఖ ఎండలకి తట్టుకుని బాగున్నారని తలుస్తాను. మీరు ఖాళీ చేసిన ఇల్లు ఇంకా అలాగే ఉందక్కా. అద్దెకివ్వబడును బోర్డు గాలికి ఓ పక్కకి ఒరిగిపోయింది. గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. నీ ఇడ్లీ రేకులు మా ప్రెస్సులో భద్రంగా ఉన్నాయి. చూశావా, అలమారాని ప్రెస్సు అనడం నాకూ అలవాటైపోయింది.

ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం బావగారి కంట పడనీయకు. మెయిలు రాద్దామంటే మీ ఇద్దరిదీ ఒకటే ఖాతా, ముందు ఆయనే తెరుస్తారు. అందుకే పోస్టాఫీసు దారి పట్టాను. ఆ ఆట పేరెత్తితేనే ఆయన గది వదిలి వెళ్ళిపోతారనీ, పిల్లలతో క్యారమ్స్ ఆడినా కావాలని ఓడిపోతున్నారనీ నువ్వు రాసినప్పటి నుంచీ నాకు భయంగా ఉంది. ఇప్పుడు నేను రాయబోయేది ఆ ఆట గురించే.

నీకూ నాకూ అది ఎన్నడూ తలకెక్కలేదు కదా. ఈ వారం చచ్చినట్టు నేర్చుకున్నాను. అమెరికాలో నిజంగా ఆడే బేస్‌బాల్ ఆటగాళ్ళని ఈయన పనిచేసే ప్లాంటులో పదిమందీ పంచుకుని, తలా ఓ ఉత్తుత్తి జట్టు కట్టుకుంటారు. అక్కడ వాళ్ళు నిజం మైదానంలో బాగా ఆడితే ఇక్కడ మనవాళ్ళకి పాయింట్లు. వారానికొకరితో పోటీ, సోమవారం మొదలై ఆదివారం తేలుతుంది. రోజూ అక్కడ ఆటలు మొదలయ్యేలోపు ఎవర్ని దింపాలో ఎవర్ని బెంచి మీద కూర్చోబెట్టాలో చూసుకోవాలి. దెబ్బ తగిలి ఇంట్లో పడుకున్నవాణ్ణి దింపితే సున్నా. ఇంతే సంగతి. దీనికోసం మగవాళ్ళు అన్నాలు చల్లారబెట్టుకుంటారు.

పోయిన ఏడాది బావగారు వాల్టర్‌ని చిత్తుగా ఓడించిన వారం నీకు గుర్తు చేయనక్కర్లేదు. ప్లాంటుకి పెద్దాయన, అమెరికా నుంచి వచ్చి ఈ లీగు పెట్టినవాడు, అలాంటివాణ్ణి ఓడించారు. గెలుపు ఖాయమైపోయిన ఆ శుక్రవారమే మొదటి విడత ఉద్యోగాలు పోయాయి, అందులో బావగారి పేరుంది. గెలవకపోతే ప్రాణం పోయేదా అని నువ్వు మా వంటింట్లో కూర్చుని ఏడ్చావు. మన కేశవరావుగారు ఆ మాట పట్టుకుని శాసనం చేసేశారు. ఇకమీదట తెలుగువాడెవడూ వాల్టర్ మీద గెలవకూడదు, కొరివితో తల గోక్కోకూడదు అని. ఈ ఏడాదిలో మనవాళ్ళంతా ఓడిపోవడంలో ఆరితేరిపోయారు. తొమ్మిదేళ్ళుగా ఇక్కడున్న మనిషి, ఎవరి వీసాకి ఏ ఫారం కావాలో నోటితో చెప్పే మనిషి, ఆయన మాట కాదనేదెవరు?

ఇప్పుడు విను. రెండో విడత పేర్లు ఈ శుక్రవారం చదువుతారని ముందే తెలిసింది. సరిగ్గా ఈ వారమే మా ఆయనకి వాల్టర్‌తో పోటీ పడింది! మా సంగతి నీకు తెలుసు. ఈయన పర్మిటు ఈ ఉద్యోగానికే కట్టి ఉంది. ఇంకొక్క చలికాలం గడిస్తే స్థిరంగా ఉండే స్టాంపు వస్తుంది. ఇప్పుడు ఉద్యోగం పోయిందా, ఈ రోజుల్లో ఇంకొకటి ఇచ్చేవాడు లేడు, పెట్టెలు సర్దుకోవడమే. మా తన్వి చూస్తే మన టెన్త్‌లాంటి జూనియర్ సర్ట్ పరీక్షల మధ్యలో ఉంది.

సోమవారం సాయంత్రం ఈయన ప్లాంటు నుంచి వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నారు. తన బంగారంలాంటి పిచ్చర్ని, అంటే బంతి విసిరేవాణ్ణి, బెంచి మీద పెట్టి, మోకాలికి కట్టు కట్టుకుని ఇంట్లో ఉన్నవాణ్ణి మైదానంలోకి దింపారు. నాకు ఒళ్ళు మండిందక్కా. ప్లాంటులో తయారయ్యే, గుండెలో వేసే సన్నటి గొట్టాల మీద కంటికి ఆనని గీత ఉన్నా పెట్టెకి పెట్టె తిప్పికొట్టే మనిషి, కుంటివాడని తెలిసి తెలిసీ దింపుతాడా? అదే అడిగాను. ఆ గొట్టం వేరు, ఈ గొట్టం వేరు అన్నారు. ఇక మాట్లాడేదేముంది.

మంగళవారం పొద్దున్న చేతిలో కాఫీ గ్లాసుతో తెర చూసి, కాఫీ అంతా కార్పెట్ మీద ఒలకబోశారు. వాల్టర్ కంటే ఈయన ముందున్నారు! కుంటివాడు బెంచి మీదున్నాడు, పిచ్చరు దిగాడు, దిగి ఇరగదీశాడు. తనే సేవ్ నొక్కడం మరిచాననుకున్నారు. ఆ సాయంత్రం నన్ను పక్కన నిలబెట్టి, కుంటివాణ్ణి మళ్ళీ దింపి, నొక్కానా లేదా అని నాచేత ఒప్పించుకుని పడుకున్నారు. తెల్లారి చూద్దుము కదా, అదే వరస. బెంచి మీద పెట్టిన వాళ్ళంతా లేచి వెళ్ళి ఆడొచ్చారు. ఈయన ఇంకా ముందుకి పోయారు.

ముందు తన్విని అనుమానించాం. అది ఐరిష్ యాసలో, నేను ముట్టుకోలేదు డాడ్, నాకు పరీక్షలున్నాయి, అయినా నువ్వు చేసేది చీటింగ్ కదా అని మొహం మీద తలుపేసుకుంది. తెలుగు అర్థమైనా ఒక్క ముక్క తెలుగులో జవాబివ్వదు, కానీ అబద్ధమాడదు. పాస్‌వర్డ్ మార్చారు. కంప్యూటర్ ప్లగ్గు పీకేశారు. సంగతి తెలిసి కేశవరావుగారు బుధవారం సాయంత్రం ఊడిపడ్డారు. నువ్వు గెలిస్తే నీతో పోదు శేషగిరీ, మా అందరి మెడకీ చుట్టుకుంటుందని ఈయన మీద కేకలేసి, నేను పోసిన పెసరట్లు తిని, తన వేలితోనే మీటలన్నీ నొక్కి, మీరిక ముట్టుకోవద్దని ఒట్టు పెట్టించుకుని వెళ్ళారు. గురువారం పొద్దున్న చూస్తే మళ్ళీ జట్టు మారిపోయి ఉంది, ఆయనకి ఫోన్ చేస్తే నా వేలితో నేనే నొక్కాను కదా అన్నారు. వాల్టర్ కోలుకోలేనంత వెనకబడ్డాడు.

నవ్వకు, నేను కంప్యూటర్‌కి దిష్టి తీశాను. ఉప్పూ ఎండుమిరపకాయలూ మూడుసార్లు తిప్పి వేడి పెనం మీద వేసేసరికి ఇంట్లో పొగ అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. పక్కింటి మేరీ పరిగెత్తుకొచ్చింది. ఎవ్రీథింగ్ గ్రాండ్ అని దగ్గుతూ చెప్పి పంపించాను. ఆవిడ వెళ్ళాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మళ్ళీ గెలుపే వచ్చి మా కొంప ముంచుతోందని నా ఏడుపు. అబద్ధం ఎందుకు, ఆ క్షణాన బావగారి మీద కూడా కోపమొచ్చింది.

శుక్రవారం ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారు. అందర్నీ క్యాంటీన్‌లో చేర్చారట. పదకొండు దాటాక ఫోన్ మోగింది. ఎత్తితే ముందు క్యాంటీన్‌లో కుర్చీలు జరుపుతున్న చప్పుడే వినిపించింది. అయిపోయిందనుకున్నాను. పెట్టెలు ఎక్కడున్నాయా అని కూడా తలపుకొచ్చింది. చివరికి అన్నారు, నా పేరు లేదు విమలా, వాల్టర్ పేరుంది అని.

నాకు బుర్రకెక్కలేదు. మళ్ళీ చెప్పించుకున్నాను. వాల్టరే కుర్చీ పక్కన నిలబడి ఒక్కొక్క పేరూ చదివాడట. చదివాక ప్రతివాళ్ళ మొహంలోకీ చూశాడట. అందులో కేశవరావుగారి పేరు వచ్చిందక్కా! ఏడాదంతా ఒక్కసారీ తప్పకుండా ఓడిపోయిన కేశవరావుగారు! ఆయన లేచి నిలబడి, బళ్ళో హాజరు పలికినట్టు, యెస్ అన్నారట. అన్నిటికంటే ఆఖర్న వాల్టర్ తన పేరు తనే చదువుకుని, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడట.

వెళ్ళేముందు వాల్టర్ ఈయన బల్ల దగ్గరికొచ్చి, ఇక లీగు బాగోగులు నువ్వే చూసుకో, ఈ వారం మంచి ఆట ఆడావు అని చెయ్యి కలిపాడట. ఈయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు. నేనాడలేదు బాబూ అని ఏ నోటితో చెబుతారు?

ఇవాళ ఆదివారం. ఈ రాత్రితో పోటీ తేలిపోతుంది, ఈయనే గెలుస్తారు. ఇంట్లో ఎవరికీ అన్నం సహించడం లేదు. ఉద్యోగం నిలిచిందని దేవుడికి దీపం పెట్టాను, కేశవరావుగారి పేర ఇంకో వత్తి వేశాను. గెలిచిన మనిషి ఉన్నాడు, ఓడిన మనిషి పోయాడు, అందరూ కలిసి గెలిపించిన పెద్దాయనా పోయాడు. రాత్రిళ్ళు ఆ జట్టుని సరిదిద్దిందెవరో తెలియదు. ఎవరితో చెప్పుకోను, నీకు తప్ప? కేశవరావుగారి ఇంటికి రేపు పప్పూ కూరా పట్టుకెళ్ళాలి.

పిల్లలకి ముద్దులు. నీ ఒళ్ళు జాగ్రత్తగా చూసుకో.

నీ చెల్లెలిలాంటి
విమల

తా.క. మంగళవారం. అక్కా, కవరు అంటించి కూడా పోస్టు చెయ్యలేదు. మంచిదే అయింది. చింపి ఈ కాగితం పెడుతున్నాను.

నిన్న ప్లాంటు నుంచి వచ్చాక ఈయన లీగు చూసుకునేవాడి పేజీ మొదటిసారి తెరిచారు. తన్వి పక్కన కూర్చుంది. అదే కనిపెట్టింది. లీగు నడిపేవాడు ఎవరి జట్టులోకైనా వెళ్ళి ఆటగాళ్ళని మార్చవచ్చట. పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఆ వీలు ఒక్కడికే ఉంటుంది, పోయిన వారం దాకా ఆ ఒక్కడూ వాల్టరే.

ఈయన వెంటనే ఫోన్ చేశారు. వాల్టర్ అద్దె ఇంట్లో సామాను సర్దుకుంటున్నాడట, దాచలేదు. ఏడాదిగా మీరంతా కుంటివాళ్ళని దింపుతుంటే నాకు కళ్ళు లేవనుకున్నారా అన్నాడట. ఎందుకో అర్థం కాక ఊరుకున్నాననీ, ఇది తన ఆఖరి వారమని తెలిశాక ఒక్క నిజమైన ఆట ఆడి పోవాలనిపించిందనీ, అందుకే రోజూ పడుకునేముందు ఈయన జట్టుని ఈయనే సర్దితే ఎలా ఉంటుందో అలా సర్దాననీ చెప్పాడట. తన మీద ఈయన్ని తనే గెలిపించాడక్కా.

అప్పుడు ఈయన ధైర్యం చేసి బావగారి సంగతి అడిగారు. మధుసూదన్‌కి గెలిచినందుకే ఉద్యోగం పోయిందని మా అందరి నమ్మకం అని చెప్పేశారు. ఆ మనిషి నిర్ఘాంతపోయాడు. ఇందుకా మీరంతా ఓడిపోయింది అని రెండుసార్లు అడిగాడట. పేర్లు రాసేది అమెరికాలోనట. పోయిన ఏడాది బావగారి పేరు వాల్టర్ చేతికి వచ్చేనాటికి ఆ వారం పోటీ ఇంకా మొదలే కాలేదు. బావగారు ఉద్యోగం పోతుందని తెలియక ఆడారు, వాల్టర్ తెలిసీ చెప్పే అధికారం లేక ఆడాడు. కనీసం ఆటలోనైనా తక్కువ చేయకూడదని ఒళ్ళు దాచుకోకుండా ఆడాననీ, అయినా ఓడిపోయాననీ అన్నాడట. ఈ దేశంలో నన్ను నిజంగా ఓడించినవాడు అతనొక్కడే, వీలైతే అతనికి చెప్పు అన్నాడట. నిన్న రాత్రే వాళ్ళింటికి వెళ్ళి కేశవరావుగారికి చెబితే, ఆయన పప్పు గిన్నె చేతిలో పట్టుకుని, మరి నేనెందుకు ఓడినట్టు అన్నారు.

అక్కా, మనం ఏడాదిగా ఎవర్ని సాధించాం? నువ్వు ఎదురుగా, నేను ఇక్కడ మనసులో. బావగారు పిల్లల చేతిలో కూడా ఓడిపోవడం నేర్చుకున్నారు.

బావగారి కంట పడనీయకు అని పైన రాసింది కొట్టెయ్యలేదు, అలాగే ఉండనీ. ఇప్పుడు ఉత్తరం ఆయన చేతికే ఇయ్యి. చదవడం అయ్యేసరికి క్యారమ్ బోర్డు దించి పౌడరు చల్లి ఉంచు. ఎదురుగా పిల్లల్ని కాదు, నువ్వే కూర్చో. ఆయన మళ్ళీ కావాలని తప్పు కొడితే ఆ కాయ తీసి ఆయన ముందే పెట్టు. నువ్వు మాత్రం ఊరికే ఓడిపోకు.