నిమ్మమొక్క మీద ఫిర్యాదు

అమ్మా, మేమంతా బాగానే ఉన్నాం, కంగారుపడకు.

వానల్లేక ఇక్కడ పెరటి మొక్కలకు పైపు పెట్టొద్దని ఆర్డరు వేశారు. నువ్విచ్చిన నిమ్మమొక్కకు నేను కూరగాయలు కడిగిన నీళ్లే పోస్తున్నాను. అయినా మొన్న నీళ్ల ఆఫీసాయన వచ్చి, "వీధంతా ఎండిపోతే మీదొక్కటే పచ్చగా ఎలా ఉందమ్మా?" అని పెరటి కుళాయికి సీలు వేసిపోయాడు. ఇంకోసారి పచ్చగా కనిపిస్తే జరిమానా అట! ఫిర్యాదు చేసింది ఎవరో కాదు, గోడ అవతలి వాటాలో ఉండే మా బావగారే. ఆయన గులాబీలు మాడిపోయాయిగా. ఒళ్లు మండి ఆ కాసిని నీళ్లూ మానేశాను.

నాన్నకు దగ్గు తగ్గిందా? తమ్ముడు వచ్చేటప్పుడు నా కుట్టు కత్తెర తెమ్మను. మొక్కలు మాత్రం పంపకు. నాన్నకు దండాలు, చంటిదానికి ముద్దులు.

అన్నట్టు, నిమ్మాకులన్నీ రాలిపోయాయి. ఇవాళ బావగారు గోడ మీంచి నవ్వుతూ పలకరించారు: "ఏమ్మా, కులాసాయేనా?"

నీ పెద్దది