గాయాల గడి

జూన్ 3

రాత్రి వాన. తెల్లారేసరికి ఆగింది. గాలి పడమర నుంచి. కింది పొలంలో కోసి పరిచిన గడ్డి మళ్లీ తడిసింది, ఎండ వస్తే తిరగేయాలి. పాలు పితకడం అయ్యాక చెరువు వైపు కంచె బాగుచేశాను. పెద్ద ఎర్రావు వెనక కాలు కుంటుతోంది. గిట్టలో రాయి. తీసేశాను.

ఫోన్‌లో నడిపే నా బేస్‌బాల్ జట్టులోనూ కుంటేవాళ్లు ముగ్గురు. మూడో బేస్ వాడికి తొడ కండరం చిరిగింది. క్యాచర్‌కి బొటనవేలు విరిగింది. వాళ్లు నిజంగా ఆడే క్లబ్బులు ఇద్దరినీ గాయాల జాబితాలో పెట్టాయి కాబట్టి నేనూ గాయాల గడుల్లో పెట్టి, వాళ్ల బదులు వేరేవాళ్లను తెచ్చుకున్నాను. ఒక్కో జట్టుకు గడులు రెండే. షార్ట్‌స్టాప్ చోట ఆడేవాడికి మణికట్టు నొప్పి, కానీ వాడి క్లబ్బు ఏ సంగతీ తేల్చదు. రేపు చూద్దాం అంటుంది. వాడు ఆడడు, చోటూ ఖాళీ చేయడు.

నా భార్య మార్లిస్ వెనక నుంచి ఫోన్‌లోకి తొంగి చూసింది. ఎక్కడో ఎవరో ఆడతారు, వాళ్ల పాయింట్లు పంచుకుని మీరు పదిమందీ దాణా మిల్లు దగ్గర కొట్టుకు చస్తారు, నా మోకాలి గురించి ఎప్పుడైనా ఇంత చదివావా అంది. చదవలేదు.

మొదటి స్థానంలో ఉన్నాను. ఈ లీగ్ పెట్టాక ఇదే మొదటిసారి.

జూన్ 6

కోల్బీ బాగా విసిరాడు. ఏడు ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు.

పక్క పొలం ఆరిన్ కొడుకు. వాడు కింది లీగుల్లో బస్సుల్లో తిరిగిన ఏళ్లన్నీ, ఆటగాళ్లను పంచుకునే రోజున నా చివరి వంతు వాడికే వాడాను. మిల్లు మేనేజరు డ్వెయిన్ మా లీగ్‌కి పెద్ద. ఏటా నన్ను చూపిస్తూ అదే మాట. వెండెల్ చర్చి చందా వేసేశాడు, ఇక లేవండ్రా అనేవాడు. ఈ మే నెలలో పై లీగ్ క్లబ్బు కోల్బీని పిలిచింది. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

జూన్ 9

ఎండ. గడ్డి బాగా ఆరింది. ఆరిన్ వచ్చాడు. గడ్డి మోపులు కట్టే బేలర్ అతనిది, ఉండేది నా కొట్టంలో. వాళ్ల కొట్టం కప్పు మంచు బరువుకి కూలినప్పటి నుంచీ అంతే. నేను కోసి తిరగేస్తాను, అతను మోపులు కడతాడు. రెండు పొలాలకూ అదే పద్ధతి.

మధ్యాహ్నం ట్రక్కు నీడలో తింటున్నప్పుడు, పిల్లాడి మోచేయి బాగాలేదోయ్ అన్నాడు. పొద్దున్నే ఆ చేత్తో తలుపు తాళం తిప్పలేకపోతున్నాడట. క్లబ్బుకి చెప్పలేదు. ఆ క్లబ్బులో వాడు బంతి విసురుతున్న చోటు అసలు ఒక పెద్ద పిచ్చర్‌ది. అతనికి భుజం నయమై తిరిగొస్తున్నాడు. ఇప్పుడు నొప్పి అంటే మళ్లీ పిలుస్తారో లేదో. జులై నడుమ నాలుగు రోజులు ఆటలుండవు కదా, అందాకా లాక్కొస్తా నాన్నా అంటున్నాడు, ఏం చేయను అన్నాడు ఆరిన్.

వాడి తల్లి లవాన్‌కి తెలుసా అని అడిగాను. దానికి తెలిస్తే ఇవాళే విమానం ఎక్కి పోయి వాడి చెయ్యి పట్టుకుని లాక్కొస్తుంది, నీకొక్కడికే చెప్పాను అన్నాడు.

తల ఊపాను. మిగిలిన సాండ్‌విచ్ కుక్కకి వేసి లేచాడు.

జూన్ 11

కోల్బీ ఆట టీవీలో చూశాను. స్కోరు చూడలేదు, మోచేయి చూశాను. నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక బంతి విసిరాక చెయ్యి తొడకి ఆనించుకున్నాడు. టీవీలో మాట్లాడేవాళ్లు ఏదో జోకు చెప్పుకుంటున్నారు. ఎవరూ చూడలేదు. ఆరో ఇన్నింగ్స్ దాకా ఉన్నాడు. నా చొక్కా తడిసిపోయింది.

నీకేమైంది, మనం గెలుస్తున్నాంగా అంది మార్లిస్.

జూన్ 12

షార్ట్‌స్టాప్ ఇవాళా ఆడలేదు. రేపు చూస్తారట.

జూన్ 14, ఉదయం 5 గంటలు

నిద్ర సరిగా లేదు. గడులు రెండూ నిండి ఉన్నాయి. షార్ట్‌స్టాప్ సగం మనిషి. కోల్బీ మోచేయి ఏ రోజు పోతుందో తెలియదు. అది పోయే నాటికి వాడు నా దగ్గరుంటే మొదటి స్థానం పోయినట్టే. ఇప్పుడు వాడికి ధర ఉంది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. బటన్ నొక్కితే చాలు.

విడిభాగాల కొట్టు రస్ జట్టులో నిక్షేపంలా ఉన్న పిచ్చర్ ఒకడున్నాడు. కోల్బీని ఇస్తాను, వాణ్ణివ్వు అని ట్రేడ్ పంపాను. పాలు పితకడానికి పోతున్నా.

జూన్ 14, మధ్యాహ్నం

రస్ ఒప్పుకున్నాడు. ఏంటి గురూ, కళ్లద్దాలు ఎక్కడైనా పారేసుకున్నావా అని మెసేజ్ పెట్టాడు. మా రూలు ప్రకారం రెండు రోజులు ఆగాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పొచ్చు, మనసు మారితే మేమే వెనక్కి తీసుకోవచ్చు.

జూన్ 15

మిల్లుకి దాణా కోసం వెళ్లాను. కాఫీ దగ్గర లీగ్‌వాళ్లు నలుగురున్నారు. డ్వెయిన్ గట్టిగా, ఏమయ్యా వెండెల్, పక్కింటి పిల్లాణ్ణి అమ్మేశావట, వాడి చెయ్యిగానీ ఊడిపోయిందా అన్నాడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వి ఉండాల్సింది. ఏదో ఒకటి అనాల్సింది. కప్పులోకి చూస్తూ ఉండిపోయాను. ఒక్కొక్కడూ నవ్వు ఆపేశాడు. రస్ నా మొహం వైపే చూస్తున్నాడు. ఒరేయ్, నిజంగానా అన్నాడు, మెల్లగా. బస్తాలు ఎక్కించుకుని వచ్చేశాను.

సాయంత్రం ట్రేడ్ వెనక్కి తీసుకున్నాను. తీసుకున్నాక తట్టింది. అమ్మకానికి పెట్టినప్పుడు వాళ్లకి అనుమానమే. అడగ్గానే వెనక్కి తీసుకుంటే ఇక అనుమానం ఏముంది.

జూన్ 16

వాన. ఆరిన్ ట్రక్కు రోడ్డు మీద ఎదురైంది. పలకరింపుగా స్టీరింగ్ మీంచి వేలు ఎత్తాడు. నేనూ ఎత్తాను. అతనికింకా తెలియదు.

జూన్ 17

తెలిసింది. మా జిల్లా రేడియోలో ఆటల వార్తలు చదివేవాడు రస్ బావమరిది. వాడు పొద్దున్నే ఆరిన్ ఇంటికి ఫోన్ చేశాడు. ఆరిన్ పాలపాకలో ఉన్నాడు. ఫోన్ ఎత్తింది లవాన్. మీ అబ్బాయి మోచేయి సంగతి నిజమేనా అమ్మా అని అడిగాడట. ఏ మోచేయి అందట ఆమె.

లవాన్ ఫోన్ చేసి ఇదంతా మార్లిస్‌కి చెప్పింది, ఏడుస్తూ. ఇంట్లో మొగుడికి తెలుసు, ఊళ్లో వాళ్లకి తెలుసు, కన్నదానికే తెలియదు అందట. మార్లిస్ ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. నీకు తెలుసా అంది. తెలుసు అన్నాను.

జూన్ 18

పాలు పితకడం అయ్యాక ఆరిన్ దగ్గరికి వెళ్లాను. ట్రాక్టరు కింద నూనె మారుస్తున్నాడు. బయటికి రాలేదు. నేను ఎవరికీ చెప్పలేదు ఆరిన్, ఒక్క ముక్క కూడా చెప్పలేదు అన్నాను.

పానా నట్టు మీద ఇంకో రెండు చుట్లు తిరిగింది. తర్వాత అన్నాడు. చెప్పలేదులే. అమ్మకానికి పెట్టావు. పాలిచ్చే ఆవుని తోలుకొచ్చి సంతలో నిలబెడితే దీనికేం రోగమో అని అడగరా ఎవడైనా? నీకా సంగతి తెలియదా? నలభై ఏళ్లుగా ఆవుల్ని కొంటున్నావు.

వెనక్కి తీసుకున్నాను అన్నాను.

అదీ విన్నాను, ఆ డబ్బా ఇలా ఇవ్వు అన్నాడు. నూనె డబ్బా అందించాను. బయటికి వచ్చిన చెయ్యి దాన్ని తీసుకుని మళ్లీ లోపలికి పోయింది.

జూన్ 20

ఎండ, వేడి. రేడియో మాట సిటీ పేపరువాళ్ల దాకా పోయింది. ఒకడు కోల్బీనే అడిగాడు. నొప్పేం లేదన్నాడట వాడు. క్లబ్బు ఫిజియో మోచేయి లోపలి వైపు బొటనవేలితో నొక్కాడు. వాడు దాచుకోలేకపోయాడు. లిగమెంట్ చిరిగింది. క్లబ్బు గాయాల జాబితాలో పెట్టింది.

మా క్యాచర్ వేలు నయమైంది. అంటే నాకో గడి ఖాళీ. కోల్బీని అందులో పెట్టాను.

జూన్ 23

ఆపరేషన్ తప్పదట. వచ్చే ఏడు కూడా ఆడేది అనుమానమే. ఇంకో రెండు ఆటలు విసిరి ఉంటే మొత్తం తెగిపోయేదని డాక్టరు అన్నాడట. మార్లిస్ చర్చిలో విని వచ్చింది. చూశావా, ఒకరకంగా నీవల్ల మంచే జరిగింది అంది.

ఆ మాట ఇంకెక్కడా అనకు అన్నాను.

జులై 8

రెండో కోత. ఆరిన్ వస్తాడనుకోలేదు. గడ్డి ఆగదు కాబట్టి వచ్చాడు. పొద్దుటి నుంచి చీకటి పడే వేళ దాకా కట్టాడు. ఒక్క మోపు వదులుగా లేదు. మధ్యాహ్నం తన ట్రక్కులోనే, అద్దాలు ఎత్తుకుని తిన్నాడు. బేలర్‌ని నా కొట్టంలో ఎప్పటి చోటే పెట్టి పోయాడు.

ఆగస్టు 19

ఎట్టకేలకి షార్ట్‌స్టాప్ క్లబ్బు తేల్చింది. మణికట్టులో ఎముక చిట్లింది. జూన్ నుంచీ చిట్లే ఉందట. జాబితాలో పెట్టారు.

గడులు రెండూ నిండి ఉన్నాయి. మూడో బేస్ వాడు వారంలో వస్తాడు. కోల్బీ ఈ ఏడు రాడు. కోల్బీని వదిలేస్తే షార్ట్‌స్టాప్‌కి గడి దొరుకుతుంది, వాడి చోట్లో ఆడేవాణ్ణి తెచ్చుకోవచ్చు. డ్వెయిన్ ఫోన్ చేశాడు. రానివాణ్ణి పట్టుకుని వేలాడతావేంటయ్యా, మొదటి స్థానం రెండు పాయింట్ల మీద ఊగుతోంది, నీ మంచికే చెబుతున్నా అన్నాడు.

వదల్లేదు.

సెప్టెంబర్ 29

లీగ్ ముగిసింది. రస్ గెలిచాడు. నాది మూడో స్థానం. బహుమతి పాత దాణా చేట, మిల్లులో ఇచ్చారట. వెళ్లలేదు. మొక్కజొన్న ఇంకా పచ్చిగానే ఉంది.

ఆరిన్ రోడ్డు మీద ఎదురైనప్పుడు వేలు ఎత్తుతున్నాను. అతని రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంటున్నాయి.

అక్టోబర్ 11

మొదటి మంచు. నీళ్ల తొట్టి మీద పొర కట్టింది.

ఆరిన్ కొట్టానికి కొత్త కప్పు వేయించాడు. సాయంత్రం ట్రాక్టరు తెచ్చి బేలర్ తగిలించుకున్నాడు. కోల్బీ వెంట వచ్చాడు. కుడి మోచేతికి ఇనుప పట్టీ. గేటు ఎడమ చేత్తో తీశాడు, ట్రాక్టరు దాటాక ఎడమ చేత్తోనే మూసి, గొలుసు వేశాడు. నాలుగున్నరకి వెళ్లిపోయారు.